పేరు నిలిచెను – చెట్టు మారెను
(దేవతార్చనకు, ఇంటి తోటకు గల సంబంధమును గూర్చిన చారిత్రక ప్రసంగము)



భాద్రపద శుద్ధ చవితినాడు మనమందరము విఘ్నేశ్వరునకు ఏకవింశతి పత్ర పూజ చేయుచున్నాము. పుస్తకము చూచి నామములు చదువుచు, ఒక్కొక్క నామమునకు ఒక్కొక్క పత్రమును సమర్పించుచున్నాము. అయితే మన చేతిలోని ఆకు ఆ నామమునకు చెందినదేనా అని ఎందరము పరిశీలించుచున్నాము? పట్టణములలో అంగడినుండి తెచ్చిన పత్రి కట్టలో ఏదో కొమ్మ, ఏదో రెమ్మ కలిసియుండును. బృహతి ఏది, సింధువారము ఏది, అర్జునము ఏది అని పిల్లలు అడిగినచో పెద్దలు ఒకరి ముఖము ఒకరు చూచుకొనవలసి వచ్చుచున్నది. నామము నోట నిలిచినది. చెట్టు కంటికి దూరమైనది.

ఇంటి ముంగిట, పెరటిలో ఏ మొక్కలు నాటవలెనను ప్రశ్న పైకి చిన్నదిగా తోచును. కాని మన పూజలోని నామములు మాటలుగానే మిగులునా, ప్రాణముగల చెట్లుగా నిలుచునా అనునది ఆ చిన్న ప్రశ్నపైననే ఆధారపడియున్నది. ఈ సంబంధము ఎట్లు ఏర్పడెను, ఎట్లు సడలెను, తిరిగి ఎట్లు కుదురును అను మూడు విషయములను ఈ ప్రసంగమున క్రమముగా విచారింతము.

పత్రి చెప్పు పాఠము

వాడుకలోనున్న పత్ర పూజా క్రమమును ఒకమారు తోటమాలి దృష్టితో చదువుడు. అందు బిల్వము, బదరి అనగా రేగు, చూతము అనగా మామిడి, దేవదారువు, శమి అనగా జమ్మి, అశ్వత్థము అనగా రావి, అర్జునము అనగా మద్ది – ఇవి వృక్షములు. కరవీరము అనగా గన్నేరు, సింధువారము అనగా వావిలి, అర్కము అనగా జిల్లేడు, దాడిమి అనగా దానిమ్మ, బృహతి అనగా వాకుడు, దత్తూరము అనగా ఉమ్మెత్త – ఇవి పొదలు, చిన్న మొక్కలు. జాజి తీగజాతిది. తులసి, మాచిపత్రి, మరువము, విష్ణుక్రాంతము, అపామార్గము అనగా ఉత్తరేణి, దూర్వ అనగా గరిక – ఇవి నేలనంటి పెరుగునవి, లేదా చిన్న కుదురుగా నిలుచునవి. పెద్ద చెట్టు, నడిమి పొద, నేలమీది మొక్క అను మూడు అంతస్తులును ఈ పూజలో కలవు. చక్కని తోటకు కావలసినవియు ఈ మూడు అంతస్తులే గదా!

ఇంకొక విశేషము గమనింపుడు. వీనిలో అధిక భాగము మన పొలము గట్టున, చెరువు కట్టమీద, బాట ప్రక్కన ఎవరును నీరు పోయకనే పెరుగునవి. జిల్లేడునకు, ఉత్తరేణికి, గరికకు వెల లేదు. వానలు పడి నేల పచ్చబడిన భాద్రపదమున ఇవి చేతికందును. కావున మిక్కిలి బీదవాడు సైతము వెల పెట్టకయే స్వామిని అర్చింపగలిగెను. దేవదారువు మాత్రము హిమవత్పర్వత ప్రాంతపు వృక్షము; మన ఎండలకు ఓర్వదు. దానిమ్మ, మరువము పూర్వకాలముననే పడమటి దేశములనుండి వచ్చి మనవైనవి. ఈ కొలదిపాటి భేదమును విడిచినచో, పత్ర పూజా క్రమము మన నేలకు తగిన మొక్కల పట్టిక యనియే చెప్పవచ్చును.

పత్రి ఒక్కటియే కాదు. ఉగాదికి వేపపువ్వు, మామిడి కావలెను. విజయదశమికి జమ్మి కావలెను. కార్తిక వనభోజనమునకు ఉసిరి నీడ కావలెను. తెలంగాణమున బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు కావలెను. పండుగ వచ్చుటయనగా ఒక చెట్టును వెదకికొని పోవుటయే. ఊళ్ళ పేర్లు సైతము ఈ అనుబంధమునకు సాక్ష్యములు: మారేడుమిల్లి, నేరేడుచర్ల, చింతలపూడి, మద్దిపాడు, వేపగుంట! శ్రీశైలేశుని మల్లికార్జున నామమున మల్లికయు, అర్జునమును, అనగా మల్లెయు, మద్దియు కలిసియున్నవని పెద్దలు చెప్పుదురు.

శాసనము, శాస్త్రము, కైంకర్యము

చెట్లు నాటుటను ధర్మముగా భావించుట ఈ దేశమున ఎంత ప్రాచీనమో తెలియుటకు మనము దూరము పోనక్కరలేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్ళపై క్రీస్తు పూర్వము 3వ శతాబ్దమునాటి అశోక చక్రవర్తి శాసనములు నేటికిని కలవు. అందొకదానిలో మనుష్యులకు, పశువులకు ఉపకరించు ఓషధులను, మూలములను, ఫలములను అవి లేనిచోట్లకు తెప్పించి నాటించితిననియు, బాటల వెంబడి మనుష్యుల, పశువుల ఉపయోగమునకై చెట్లు నాటించి బావులు త్రవ్వించితిననియు చక్రవర్తి ప్రకటించెను. ఇందు రెండు అంశములు ముఖ్యములు. మొదటిది, బయటినుండి మొక్కను తెచ్చుట పూర్వులకు నిషిద్ధము కాదు. రెండవది, తెచ్చుటకు కొలబద్ద వట్టి అందము కాదు. మనుష్యునకును, నోరులేని ప్రాణికిని కలుగు మేలు. ఈ కొలబద్దను మనస్సున నిలుపుకొనవలెను. మరల దీని అవసరము కలుగును.

క్రీస్తు శకము 6వ శతాబ్దమున వరాహమిహిరాచార్యుడు రచించిన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమను అధ్యాయము కలదు. ఇంటియందును, తోటయందును ముందుగా నాటదగిన మంగళకరములైన వృక్షములను ఆచార్యుడు అందు పేర్కొనెను. అవి అరిష్టము, అశోకము, పున్నాగము, శిరీషము, ప్రియంగువు. అరిష్టమనగా వేప యనియు, శిరీషమనగా దిరిసెన యనియు సామాన్యముగా అర్థము చెప్పుదురు. నేలను సిద్ధపరచుటకు ముందు నువ్వులు చల్లి, పూత వచ్చిన పిదప ఆ పైరును నేలలోనే మర్దించవలెనని చెప్పెను. నేటి వ్యవసాయ శాస్త్రము పచ్చిరొట్ట ఎరువు అనునది ఇదియే. వేసవిలో ఉదయ సాయంకాలములు, శీతకాలమున దినము విడిచి దినము, వర్షాకాలమున నేల ఎండినపుడు నీరు పెట్టవలెననెను. చెట్టునకు చెట్టునకు నడుమ 20 మూరలు ఉత్తమము, 16 మధ్యమము, 12 అధమమని నిర్ణయించెను. దగ్గరగా నాటిన చెట్లు కొమ్మలతోను వేళ్ళతోను ఒకదానినొకటి పెనవైచికొని చక్కగా ఫలింపవని కారణము కూడ చెప్పెను. మూర ఒకటిన్నర అడుగుగా లెక్కించినచో ఉత్తమమైన దూరము 30 అడుగులు. రెండు వందల గజముల స్థలములో ఇల్లు కట్టుకొని, మిగిలిన కొద్ది జాగాలో ఐదారు పెద్ద చెట్లు నాటువారు ఈ మాటను తప్పక వినవలెను.

శాస్త్రము చెప్పినదానిని భక్తులు కైంకర్యముగా ఆచరించి చూపిరి. శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారు పూలతోట పెంచి స్వామికి మాలలు సమర్పించెను. ఆ తోటలోని తులసివనముననే గోదాదేవి లభించెనని వైష్ణవ సంప్రదాయము. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద ఆ కథనే చెప్పుచున్నది. తిరుమలకు శ్రీవైష్ణవ సంప్రదాయమున పుష్పమండపమని పేరు. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి అనంతాళ్వారు ఆ కొండపై నివసించి తోట పెంచెను. ఆయన గునపము నేటికిని శ్రీవారి ఆలయ మహాద్వారమున దర్శనమిచ్చుచున్నది. ఆండాళ్ తిరువాడిపూరము నాడు శ్రీ మలయప్పస్వామి ఉభయ దేవేరులతో ఆ పురిశైవారి తోటకు వేంచేయునపుడు, అచ్చటి పొగడ చెట్టునకు శఠారి మర్యాద జరుగుచున్నది. సార్వభౌముల శిరస్సులు వంగిన ఆ శఠారి ఒక చెట్టునకు లభించినది! పూవు కోసి తెచ్చుట సేవయే. కాని పూచెడి చెట్టును పెంచుట అంతకంటె పెద్ద సేవయని దీని భావము.

నామములు ఎట్లు జారిపోయెను?

1498వ సంవత్సరమున పోర్చుగీసువారి ఓడలు మన పడమటి తీరమునకు చేరిన పిదప సముద్రములకు ఆవలి మొక్కలు మన దేశమునకు విరివిగా రాసాగినవి. మన వంటలోని మిరప, తోటలోని జామ, సీతాఫలము, బొప్పాయి – ఇవన్నియు అమెరికా ఖండములనుండి వచ్చినవే. మన గుమ్మములకు తోరణముగా కట్టు బంతిపూవు మెక్సికో దేశపుది. సాయంకాలము పూచెడి చంద్రకాంత దక్షిణ అమెరికాది. శివాలయములందు పడగవలె వంగి, నడుమ లింగాకారముగల నాగలింగ పుష్పము సైతము దక్షిణ అమెరికా అడవుల చెట్టుదే. భక్తుని కన్ను అందు శివుని దర్శించినది. ఆ పేరే చెట్టునకు నిలిచినది. ఇందు తప్పు పట్టవలసినదేమియు లేదు. వచ్చిన అతిథికి ఆసనమిచ్చుట మన ధర్మము.

అయితే మొక్క వచ్చుటతోపాటు ఇంకొకటి జరిగెను. క్రొత్త చెట్లకు పాత పేర్లు పెట్టబడెను. గన్నేరును చూడుడు. పూజలో చెప్పు కరవీరము మన గన్నేరు. పసుపుపచ్చని పచ్చగన్నేరు, దేవాలయ ప్రాంగణములలోని దేవగన్నేరు, బాట ప్రక్కన గొడుగువలె విస్తరించు నిద్రగన్నేరు – ఈ మూడును అమెరికా ఖండపువి. బిళ్ళగన్నేరు మడగాస్కరు దీవిది. అయిదు గన్నేరులలో నాలుగు దూరదేశములవి. నిద్రగన్నేరు వరుసలు పెరిగిన కొలది, దాని దగ్గరి బంధువును, వరాహమిహిరుడు చెప్పిన శిరీషమును అగు దిరిసెన మరుగుపడినది.

అశోకము మాటయు ఇట్టిదే. నేడు ప్రహరీగోడల వెంబడి స్తంభమువలె నిలువుగా పెరుగుచు అశోకమనిపించుకొను చెట్టు నరమామిడి. అదియు మనకు స్వదేశీయమే. కాని అది అశోకము కాదు. సీతమ్మ శోకించిన వనమునకు పేరిచ్చిన అశోకము వేరు. అది కొమ్మలపై నారింజ, ఎరుపు రంగుల పూగుత్తులు పూయు వృక్షము. కొంత నీడను, తేమను కోరును. పున్నాగమన్నచో నేడు చాలమంది రాత్రివేళ తెల్లని పొడుగు కాడల పూలు రాల్చు ఆకాశమల్లెను చూపుదురు. అది బర్మా వైపునుండి వచ్చినది. గ్రంథములలోని పున్నాగము సముద్రతీరపు ఉప్పుగాలికి ఓర్చి పెరుగు పొన్న. ఈ విధముగా వరాహమిహిరుడు చెప్పిన అయిదింటిలో మూడింటి స్థానమును ఇతర వృక్షములు ఆక్రమించినవి. పేరు నిలిచెను, చెట్టు మారెను.

ఈ మార్పునకు పూర్వము మన ప్రజలు చెట్లను ఎంత స్పష్టముగా ఎరిగియుండిరో తెలుపు నిదర్శనము ఒకటి కలదు. 1781లో విలియం రాక్సుబరో అను స్కాట్లాండు వైద్యుడు గోదావరి ప్రాంతపు సామర్లకోటలో నివసించి, అచ్చట పరిశోధనా తోట పెంచి, చుట్టుప్రక్కల మొక్కలను చిత్రకారులచే వ్రాయించెను. 1793లో ఆయన కలకత్తా తోట బాధ్యతకు తరలిపోయెను. 1795 మొదలు ప్రకటితమైన ఆయన కోరమాండలు తీర వృక్షగ్రంథము మూడు సంపుటములలో 300 చిత్రపటములు కలవు. తన గ్రంథములలో ఆయన మొక్కలకు తెలుగు పేర్లను శ్రద్ధతో నమోదు చేసెను. ఆ పేర్లు చెప్పినవారు మన పల్లెల సామాన్యులు. పరదేశి పండితునకు చెట్టు చూపి పేరు చెప్పగలిగిన ప్రజల సంతతివారమగు మనము నేడు మన పూజాపత్రినే గుర్తింపలేకపోవుట విచారకరము కాదా?

ఆదరింపదగిన అతిథి, ఇంటిని ఆక్రమించు అతిథి

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. "బంతి వచ్చిన నష్టమేమి? స్వామి దానిని తిరస్కరించెనా?" అని. స్వామి భక్తిని చూచును గాని మొక్క జన్మస్థలమును విచారింపడు. బంతి మనము నాటినచోటనే పూచి, ఋతువు ముగియగానే పోవును. అది మర్యాదయెరిగిన అతిథి. కాని అన్నియు అట్టివి కావు.

లాంటానా అను రంగురంగుల పూలపొదను 19వ శతాబ్దారంభమున తోటల అలంకారమునకై మన దేశమునకు తెచ్చిరి. అది ప్రహరీ దాటి అడవులలో వ్యాపించి, పశువులు మేయు గడ్డిని అణచివేసినది. ఊదారంగు పూల సొగసు చూచి తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను, కాలువలను కప్పివేసినది. ఈ రెండును అందము కొరకు చేసిన ఎంపికలే. సర్కారు తుమ్మ మాత్రము వంటచెరకు కొరకు వచ్చినది. 1870 దశకమున కడప జిల్లా కమలాపురము ప్రాంతమున తొలుత నాటిన ఆ చెట్టు నేడు బీళ్ళను, చెరువు గర్భములను ఆక్రమించియున్నది. అది పేదల పొయ్యికి కట్టె నిచ్చినమాట నిజము; కాని తన క్రింద వేరొక మొక్కను సులభముగా బ్రతుకనీయదు.

ఆ సర్కారు తుమ్మకు జ్ఞాతివంటిదే మన జమ్మి. ఎండిన నేలలో లోతుగా వేరు దింపి, తన నీడన పైరును పెరుగనిచ్చును. దాని ఆకు మేకలకు, పశువులకు మేత యగును. పాండవులు ఆయుధములు దాచిన ఈ వృక్షమునకై ఇటీవలి చరిత్రలో ప్రాణములు అర్పించినవారు కలరు. 1730లో మార్వాడ దేశపు ఖేజడ్లీ గ్రామమున రాజు మనుష్యులు జమ్మిచెట్లను నరకవచ్చినపుడు అమృతాదేవి అను బిష్ణోయి గృహిణి చెట్టును కౌగిలించుకొని ప్రాణము విడిచెను. ఆమె వెంట మొత్తము 363 మంది బలియైరి. తెలంగాణ ప్రభుత్వము 2014లో జమ్మిని రాష్ట్ర వృక్షముగను, తంగేడును రాష్ట్ర పుష్పముగను ప్రకటించినది. ఆంధ్రప్రదేశ్ 2018లో వేపను, మల్లెను ఆ విధముగనే స్వీకరించినది. ప్రభుత్వ ప్రకటనవలన గౌరవము లభించును. కాని ప్రాణము నిలుచుటకు మన పెరటిలో చోటు కావలెను.

స్వదేశీయమైనంత మాత్రమున ఎట్లు నాటినను మేలే యని భావింపరాదు. 2014లో హుద్‌హుద్ తుపానునకు విశాఖపట్టణము చెట్లను కోల్పోయిన పిదప ఏడాకుల పాల చెట్లను వీథుల వెంట విరివిగా నాటిరి. అది మన అడవుల చెట్టే. కాని ఒక్కమారుగా వేలకొలది పూచినపుడు ఆ ఘాటైన వాసన తమకు ఇబ్బంది కలిగించుచున్నదని పౌరులు మొరపెట్టుకొనిరి. ఒకే జాతిని మితిమీరి నాటుట ప్రకృతి పద్ధతి కాదు. ఇరువదియొక్క పత్రములలోని నీతి ఇదియే: అనేకము, మితముగా, కలిసి.

ఏమి నాటవలెను?

ఇక ఆచరణకు వత్తము. విశాలమైన పెరడు గలవారు ఒక పెద్ద చెట్టుతో ప్రారంభింపవలెను. రాయలసీమ, తెలంగాణ మెట్టనేలలలో వేప, మారేడు, జమ్మి, ఉసిరి, దిరిసెన, బంగారు గుత్తులు పూయు రేల తగినవి. సముద్రతీరమున పొన్న, పొగడ తగినవి. ఏటిగట్టు, చెరువుగట్టు నేలలకు మద్ది, నేరేడు తగినవి. రావి, మర్రి పరమ పవిత్రములే. కాని వాని వేళ్ళు గోడలను చీల్చును. వానిని దేవాలయ ప్రాంగణమున, రచ్చబండవద్ద, చెరువు కట్టపై నాటి నీరు పోయుట ఉచితము.

చిన్న పెరడు గలవారికి పారిజాతము, నందివర్ధనము, కరివేప, దానిమ్మ, వావిలి, తంగేడు, అడ్డసరము చాలును. గన్నేరు నాటవచ్చును, కాని గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు విషస్వభావము గలవి. పసిపిల్లలు, పశువులు నోట పెట్టుకొనకుండునట్లు చోటు చూచి నాటవలెను. చెట్ల మొదళ్ళలో గరిక, విష్ణుక్రాంతము, శంఖపుష్పము పెరుగనీయవలెను. పెరడే లేని మేడయిండ్లవారు సైతము తులసి, మాచిపత్రి, మరువము, గరిక, మల్లె కుండలలో పెంచుకొనవచ్చును. గోదావరి తీరమున కడియము, కడియపులంక నర్సరీలనుండి గాని, సమీపపు నర్సరీనుండి గాని మొక్క తెచ్చుకొనువారు పేరు మాత్రము చెప్పి ఊరకుండరాదు. అశోకము కావలసినచో సీత అశోకమని అడిగి, ఆకు చూచి తీసికొనవలెను.

మొక్క పెరుగుచుండగా ఆకులకు తూట్లు పడును. అప్పుడు కంగారుపడి మందు చల్లకుడు. మారేడు, నిమ్మ, కరివేప ఆకులను తినెడి పురుగే కొన్ని దినములకు నలుపు, పసుపు మచ్చల సీతాకోకచిలుకయై ఎగురును. తంగేడు, రేల ఆకులపై పసిమి వన్నె సీతాకోకచిలుకలు పిల్లలను పెట్టును. జిల్లేడుపై నారింజవన్నెది పెరుగును. రావి పండును, వేపపండును పక్షులు తిని విత్తులను దూరము చేర్చును. ఈ బంధుత్వము ఒక్కనాడు ఏర్పడినది కాదు. ఎన్నియో వేల సంవత్సరములు ఆ చెట్టును, ఆ ప్రాణియు కలిసి జీవించుటవలన ఏర్పడినది. దూరదేశపు అలంకార మొక్కలలో అధిక భాగము మన జీవులకు ఈ విధమైన ఆహారము కాజాలవు. మనుష్యునకును, నోరులేని ప్రాణికిని మేలు అను ఎర్రగుడి శాసనపు కొలబద్ద ఇచ్చట మనకు దారి చూపుచున్నది.

పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదని సామెత. దగ్గరనున్నదానిని చులకనగా చూచు మన స్వభావమును ఆ సామెత ఎత్తిచూపుచున్నది. ఆ చులకన భావముననే మన చెట్లు మననుండి దూరమైనవి. రాబోవు వినాయక చవితిలోపున ప్రతి గృహస్థుడును పత్రిలోని మూడు మొక్కలను, చెట్టొకటి, పొద యొకటి, నేలమొక్క యొకటిగా, పేరు తెలిసి నాటునుగాక. ప్రతి దేవాలయమును తన ప్రాంగణమున పత్రివనమొకటి ఏర్పరచి, ఒక్కొక్క మొక్కవద్ద దాని సంస్కృత నామమును, తెలుగు నామమును వ్రాయించునుగాక. అప్పుడు పిల్లలు అడిగిన ప్రశ్నకు పుస్తకము వెదకనక్కరలేదు. చేయి పట్టుకొని పెరటిలోనికి తీసికొనిపోయి చూపవచ్చును.

శుభమ్.